ఏరే చెయ్యి మనది, తినే నోరు వాళ్ళది

(ఇంటిల్లిపాదీ కలిసి చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్ళ సమావేశంలో ఒక కూరగాయల హోమ్ డెలివరీ నిర్వాహకురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు "మీ వ్యాపార రహస్యం చెప్పండి" అన్నారు. రహస్యమంటూ ఉంటే మా మరిది ఈపాటికి వీధి వీధంతా చెప్పేసి ఉండేవాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. కాబట్టి రహస్యం లేదు. మేం చేసిన తప్పులున్నాయి, అవి కావలసినన్ని చెబుతాను.

మా ఇంట్లో ఐదుగురం ఈ పని చేస్తాం. మామయ్యగారు హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళి కొంటారు. అత్తయ్యగారు ఏరి సర్దుతారు. మా ఆయన బండి మీద ఇంటింటికీ ఇచ్చొస్తారు. మరిది ఫోన్లూ ఆర్డర్లూ చూస్తాడు. లెక్కలు నావి. ఎవరికీ ఇందులో చదువు లేదు. కూరగాయలు కొని తినడం తెలుసు, అంతే. అదే సరిపోతుందనుకున్నాం.

మొదలుపెట్టిన రెండో వారంలో ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా. "అమ్మాయ్, వంకాయలు పంపించారు. పుచ్చు లేదు, తూకం సరిపోయింది. కానీ నేనైతే ఇవి తీసుకునేదాన్ని కాదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. పుచ్చు లేకపోతే ఇంకేమిటి? డబ్బు వెనక్కిస్తానన్నాను. "డబ్బు సంగతి కాదమ్మా, తొక్క మీద మెరుపు లేదు, చూడలేదా?" అన్నారు. ఫోన్ పెట్టేసి గంపలో మిగిలినవాటిలో ఒకటి కోశాను. లోపలంతా గోధుమరంగు తిరిగిన గింజలు. ముదిరిపోయిన కాయ. లేత వంకాయ తొక్క నిగనిగలాడుతుంది, ముదిరితే ఆ మెరుపు పోయి మసకబారుతుంది. ఆవిడకి అది చూడగానే తెలుస్తుంది. మాకూ తెలుసు, కాకపోతే ఆ రోజు చూడలేదు. కిలోల్లో తూచి సంచుల్లో పోశాం.

ఆ ఒక్క ఫోన్‌తో నాకు మా వ్యాపారం ఏమిటో తెలిసింది. దుకాణానికి వెళ్ళిన మనిషి ఏం చేస్తారు? కాయని తిప్పి చూస్తారు, బెండకాయ కొన విరుస్తారు, పుచ్చకాయని తట్టి వింటారు, పండు తొడిమ దగ్గర వాసన చూస్తారు. పది తీసి ఆరు వెనక్కి వేస్తారు. ఇంటికి తెచ్చిచ్చే మనం ఆ చేతిని కట్టేసినట్టే. మీరు రావద్దు, మీ బదులు మేం ఏరుతాం అంటున్నాం. కూరగాయలు ఎక్కడైనా దొరుకుతాయి. జనం మనకి డబ్బిచ్చేది ఏరినందుకు. ఈ సంగతి తెలియకపోతే మీరు పెట్టినది కూరగాయల వ్యాపారం కాదు, సంచులు మోసే వ్యాపారం.

అప్పటినుంచి ఏరే బల్ల దగ్గర అత్తయ్యగారిదే మాట. మామయ్యగారు ఎంత బేరమాడి తెచ్చినా, ఆవిడ పక్కన పెట్టినది సంచిలోకి వెళ్ళదు. మామయ్యగారికి మొదట్లో కష్టంగా అనిపించింది. నలభై ఏళ్ళ కాపురం కదా, తొందరగానే సర్దుకున్నారు. (నవ్వులు)

ఏరడమంటే మంచివి ఏరి చెడ్డవి పారేయడం అనుకుంటారు. సగమే నిజం. మన భాషలో కాయ వేరు, దోర వేరు, పండు వేరు. ఒకే టమాటాకి మూడు వయసులు. ఈ రాత్రి వండుకునేవాళ్ళకి దోరకాయ పంపితే తిట్టుకుంటారు. నాలుగు రోజులకని తీసుకున్నవాళ్ళకి ఎర్రగా మగ్గినవి పంపితే రెండో రోజుకే నీరు కారతాయి. రెండు ఇళ్ళకీ మనం పంపినది మంచి టమాటానే, రెండిళ్ళలోనూ చెడ్డ పేరే. అందుకని మరిది ఆర్డర్ రాసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాడు: "ఎప్పటికండీ?" ఎన్ని కిలోలు అన్నదాని పక్కనే ఇవాళ్టికా, ఎల్లుండికా, వారానికా అని రాస్తాడు. అరటిపళ్ళయితే రెండు రకాలు కలిపి ఇస్తాం, నాలుగు పండినవి, నాలుగు ఇప్పుడిప్పుడే పచ్చి నుంచి రంగు తిరుగుతున్నవి. ఈ ఒక్క ప్రశ్న మొదలుపెట్టాక ఫిర్యాదులు ఎంత తగ్గాయో నేను లెక్క కట్టలేదు కానీ, మరిదికి మధ్యాహ్నం కునుకు తీసే తీరిక దొరికింది.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. అన్నీ కోసిన తరవాత పండవు. అరటి, మామిడి, బొప్పాయి, టమాటా, యాపిల్, జామ, ఇవి చెట్టు నుంచి తెంపాక కూడా పండుతాయి. ద్రాక్ష, నారింజ, దానిమ్మ అలా కాదు. తెంపిన రోజు ఎంత తీపో అంతే, తరవాత పెరగదు. "రెండు రోజులు ఉంచండి, తీపెక్కుతుంది" అని ద్రాక్షపళ్ళు అంటగట్టే వ్యాపారులుంటారు. రెండు రోజులుంచితే తీపెక్కదు, బూజెక్కుతుంది.

ఇప్పుడు మా పెద్ద తప్పు. రెండో ఏడు డబ్బులు పోగేసి ఒక చల్లగది కట్టించుకున్నాం. ఇక తిరుగులేదనుకున్నాం. ఆ రాత్రి ఉన్న సరుకంతా అందులో సర్ది, తలుపు వేసి, నిశ్చింతగా పడుకున్నాం. కొన్నాళ్ళు గడిచేసరికి అరటిపళ్ళ తొక్క బూడిదరంగుకి తిరిగింది. కీరాదోసకాయలు గుంటలు పడి, పట్టుకుంటే మెత్తగా నీళ్ళోడాయి. టమాటాలు చూడటానికి బాగున్నాయి, తింటే చప్పిడి. చల్లగా ఉంటే మంచిదని మనకెవరో చెప్పారు. ఎవరికి మంచిది? ఆకుకూరలకి మంచిది. అవి సున్నా డిగ్రీల దగ్గర, గాలిలో బాగా తేమ ఉంటే హాయిగా ఉంటాయి. అరటికి 13 డిగ్రీల కంటే తగ్గితే తొక్క నల్లబడుతుంది. కీరాకి 10 కంటే తగ్గితే దెబ్బ. టమాటాకి కూడా 12, 13 కంటే తగ్గితే రుచి పోతుంది. బంగాళాదుంపని మరీ చల్లగా పెడితే అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, వేయిస్తే తొందరగా నల్లబడుతుంది. దానికి వెలుతురు కూడా పనికిరాదు. వెలుతురు తగిలితే పచ్చబడుతుంది, ఆ పచ్చదనంతో పాటు సోలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది. పచ్చబడిన దుంప పంపకండి, తక్కువ ధరకి కూడా అమ్మకండి.

చల్లదనం ఒకటే కాదు, పొరుగు కూడా చూసుకోవాలి. పండే పండు ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. కంటికి కనపడదు, మన ముక్కుకీ తెలియదు. పక్కనున్న కాయలకి మాత్రం తెలుస్తుంది. మేం అరటి గెలల పక్కనే కీరా, ఆకుకూర పెట్టాం. కీరా పసుపు తిరిగింది, ఆకుకూర పండిపోయింది. క్యారెట్ రంగు మారదు, చేదెక్కుతుంది. అది ఇంకా ప్రమాదం, తినేదాకా ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా అత్తయ్యగారు ఒక మాట అన్నారు: "పళ్ళు ఒక వాకిట్లో, ఆకులు ఒక వాకిట్లో." ఇప్పుడు చల్లగది ఆకుకూరలకీ క్యారెట్‌కీ. అరటి, టమాటా, కీరా బయట నీడలోనే ఉంటాయి, గాలి ఆడే క్రేట్లలో, అవి కూడా వేరు వేరు మూలల్లో. ఉల్లి, బంగాళాదుంప రెండూ ఒకే సంచిలో పోయకండి. దుంపకి కొంచెం చెమ్మ కావాలి, ఉల్లికి చెమ్మంటే పడదు.

కూరగాయ తెంపాక కూడా ఊపిరి పీలుస్తుంది. ఇది కవిత్వం కాదు, నిజంగానే. ఆక్సిజన్ తీసుకుని, లోపలి చక్కెరని ఖర్చు చేసి, వేడి వదులుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ ఊపిరి రెండు మూడు రెట్లవుతుంది. అంటే ఎండలో గంటసేపు నిలబెట్టిన బండిలో సరుకు నీడలో రెండు మూడు గంటల్లో ముసలిదైనంత ముసలిదవుతుంది. మామయ్యగారు చీకటితో మార్కెట్‌కి వెళ్ళేది ధర కోసమే అనుకునేదాన్ని. సరుకు వేడెక్కక ముందే ఇంటికి చేర్చడానికి కూడానట.

తడి సంగతి. కడిగి పంపితే శుభ్రంగా కనపడుతుంది, కస్టమర్ సంతోషిస్తారు అనుకుని మేం కూడా కడిగాం. తడి ఆరకుండా సంచిలో పెట్టి మూతి కట్టినది కుళ్ళడానికి మనమే ముహూర్తం పెట్టినట్టు. మట్టి దులపండి, కడగడం వంటింట్లో వాళ్ళు చూసుకుంటారు. ముక్కలు కోసిన పళ్ళు అమ్మాలని మా మరిదికి ఎప్పటినుంచో ఆశ. కోసిన పండుకి తొక్క రక్షణ పోతుంది. 5 డిగ్రీల లోపు చలిలో ఉంచి, చలి తప్పకుండా ఇంటిదాకా చేర్చగలిగితేనే ఆ పని పెట్టుకోవాలి. రెండు గంటలు బయట వేడిలో ఉన్న ముక్కల్ని ఎవరికీ ఇవ్వకూడదు. మా బండికి ఆ ఏర్పాటు లేదు, కాబట్టి లేదు అన్నాను. ఇప్పటికీ అలిగి ఉన్నాడు, అదిగో మూడో వరసలో కూర్చున్నాడు.

ఇక నా సబ్జెక్టు, తరుగు. ప్రపంచమంతటా పంట కోసినప్పటినుంచి చిల్లర దుకాణం చేరేలోపే సుమారు 14 శాతం ఆహారం పాడైపోతుందని 2019లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెప్పింది. అది మన చేతికి రాకముందు సంగతి. మన చేతికొచ్చాక పోయేది వేరే.

లెక్క చూడండి. వంద కిలోలు కొన్నారు. వాడిపోయినవి, నలిగినవి, బల్ల దగ్గర పక్కన పెట్టినవి, అన్నీ కలిపి 12 కిలోలు పోయాయి. అమ్మకానికి 88. మీరు కొన్న ధర మీద 30 శాతం వేసి అమ్ముతున్నారు. వంద పెట్టుబడికి 130 వస్తుందని మనసులో ఉంటుంది. వచ్చేది 114. ముప్ఫై అనుకున్నది పద్నాలుగైంది. ఇంకా పెట్రోలు, సంచులు, కరెంటు, మనుషుల కష్టం తీయలేదు. పైగా కాటా మీద మొగ్గు ఒకటి. కిలోకి 30 గ్రాములు ఎక్కువేస్తే వంద కిలోలకి 3 కిలోలు. మొగ్గు వేయొద్దని నేననను. ముల్లు సరిగ్గా మధ్యలో ఆపేవాడి దగ్గర ఎవరూ కొనరు. కానీ అది ఎక్కడికి పోతోందో పుస్తకంలో కనపడాలి. మా ఇంట్లో ఏరే బల్ల కింద ఒక బకెట్ ఉంటుంది. పక్కన పెట్టినదంతా అందులోకే. రాత్రి దాన్ని తూచి, ఏ కాయ ఎంత అని రాస్తాను. మొదటి నెల రాసినప్పుడు ఆకుకూరలు మాకు ఏమీ మిగల్చడం లేదని తెలిసింది. అయినా ఆపలేదు. ఆకుకూర కోసం ఫోన్ చేసినవాళ్ళే మిగతావన్నీ తీసుకుంటారు. కాకపోతే ఎక్కువ తెప్పించడం ఆపాం.

తరుగుకి అసలు మందు చల్లగది కాదు, ముందు ఆర్డర్, తరవాత కొనుగోలు. దుకాణం పెట్టినవాళ్ళకి ఈ అదృష్టం లేదు, వాళ్ళు ముందు కొని, ఎవరొస్తారా అని చూడాలి. మనం రాత్రి ఎనిమిదింటికి ఆర్డర్లు మూసేసి, మొత్తం కూడి, ఆ చీటీ పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళొచ్చు. ఈ వ్యాపారంలో మనకున్న గొప్ప బలం ఇదే, దీన్ని మొహమాటానికి పాడు చేసుకుంటాం. ఎనిమిదిన్నరకి ఒకరు ఫోన్ చేస్తారు, పాపం అనిపిస్తుంది, సరే అంటాం. తొమ్మిదిన్నరకి ఇంకొకరు. అప్పుడు మామయ్యగారు "దేనికైనా మంచిది" అని పది కిలోలు ఎక్కువ పట్టుకొస్తారు. ఆ పది కిలోలే బకెట్లో తేలతాయి.

మార్కెట్ ధర సంగతి మీకు తెలుసు, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. రోజూ ధర మార్చి చెబితే కస్టమర్‌కి చికాకు. వారమంతా ఒకటే ధర అంటే మధ్యలో పెరిగినప్పుడు మన చెయ్యి కాలుతుంది. మేం నాలుగైదు నిలవ సరుకులకి వారం ధర, మిగతావాటికి ఏ రోజు ధర ఆ రోజు పెట్టుకున్నాం. అది మాకు సరిపడింది, అందరికీ సరిపడుతుందని చెప్పను.

బండి గురించి మా ఆయన చెప్పాలి, మాట్లాడమంటే రానన్నారు. పది ఇళ్ళకి వెళ్ళాలనుకోండి. ఏ ఇంటి తరవాత ఏ ఇల్లు అన్నది ఎన్ని రకాలుగా వేయొచ్చో తెలుసా? 36,28,800. ఫోన్‌లో మ్యాప్ కొంత సాయం చేస్తుంది. కానీ ఏ ఇంట్లో కుక్క ఉంది, ఏ ఇంట్లో పెద్దాయన తలుపు తీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఎక్కడ లిఫ్ట్ లేదు, ఇవి మ్యాప్‌కి తెలియవు. మా ఆయనకి తెలుసు. చివరి ఇంటి సంచి ముందు ఎక్కాలి, మొదటి ఇంటిది ఆఖరున. ప్రతి సంచిలో అడుగున దుంపలు, పైన టమాటా, అన్నిటి మీదా ఆకుకూర. ఇది అందరికీ తెలిసినదే, అలసిపోయిన రోజు ఎవరికీ గుర్తుండనిది కూడా ఇదే.

దూరం ఇళ్ళు ఒప్పుకోకండి. ఒక్క ఇల్లు కోసం అరగంట దూరం వెళ్ళి వస్తే, ఆ అరగంటలో దగ్గరి ఇళ్ళు ఐదారు అయ్యేవి. అమెరికాలో వెబ్‌వాన్ అనే కంపెనీ సరుకులు ఇంటికి తెచ్చిస్తానని 1999లో బయలుదేరింది. బోలెడు పెట్టుబడి, పెద్ద పెద్ద గిడ్డంగులు, మీరు చెప్పిన అరగంటలోనే తలుపు తడతామని మాట. ఒక్క ఊళ్ళో నిలదొక్కుకోకుండానే ఊరూరా విస్తరించింది. 2001 జులైలో మూతపడింది. అంత డబ్బున్నవాళ్ళే తట్టుకోలేకపోయారు. మేం రెండు కాలనీలు దాటకుండా మూడేళ్ళు ఉన్నాం. చుట్టాలు నవ్వారు.

అడిగినది దొరకని రోజు వస్తుంది. అప్పుడు దాని బదులు ఇంకొకటి వేసేయడం చాలా తేలిక. వేయకండి, ఫోన్ చేయండి. "బీన్స్ ముదురుగా ఉన్నాయండీ, తేలేదు, క్యారెట్ పంపమంటారా?" అని అడిగితే ఎవరూ కోప్పడరు. పైగా ముదురు బీన్స్ తేలేదన్న మాట వాళ్ళకి గుర్తుండిపోతుంది. ఫిర్యాదు వస్తే ఫొటో పంపండి, పరిశీలిస్తాం అని మరిది మొదట్లో అనేవాడు. ఇప్పుడు అడగం. నాలుగు కాయల కోసం మనిషిని దొంగలా చూస్తే ఆ ఇల్లు పోయినట్టే. రోజూ ఫిర్యాదు చేసే ఇల్లు ఒకటుంటుంది, ప్రతి కాలనీలోనూ ఉంటుంది. వాళ్ళని ఓ రెండుసార్లు చూసి, "మీకు మేం సరిపోవడం లేదండీ" అని నమస్కారం పెట్టేశాం.

చివరిగా ఇంటి సంగతి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. అందరిదీ అయిన పని ఎవరిదీ కాదు. మా ఇంట్లో మొదటి రెండేళ్ళు ఎవరికీ జీతం లేదు. ఇంట్లోవాళ్ళమే కదా, ఎవరికి కావలసింది వాళ్ళు గల్లాపెట్టెలోంచి తీసుకోవడమే. నెలాఖరున కొంత మిగిలేది, లాభం అనుకునేవాళ్ళం. మూడో ఏడు మామయ్యగారికి నడుం పట్టేసింది. ఆరు వారాలు మంచం దిగలేదు. మార్కెట్ పనికి ఒక మనిషిని పెట్టుకుని కూలి ఇచ్చాం. ఆ నెల లెక్క రాస్తే లాభం సున్నా. రెండోసారి కూడి చూసినా అంతే. అప్పుడు నాకు వెలిగింది. రెండేళ్ళుగా మేం లాభం అనుకున్నది మామయ్యగారి నడుం. ఆయన కష్టానికి కూలి కట్టకపోవడం వల్ల కనపడిన డబ్బు అది.

అప్పటినుంచి ఐదుగురికీ జీతం. తక్కువే, కానీ నెల మొదటి తారీఖున అందరి చేతిలో పడుతుంది. అత్తయ్యగారు జన్మలో మొదటిసారి తన పేరు మీద ఖాతా తెరిచారు. జీతాలు పోను మిగిలితేనే లాభం అని రాస్తున్నాను. ధరలు కూడా అప్పుడే సరిచేసుకున్నాం. వారంలో ఒక రోజు బండి తీయం. భోజనం దగ్గర రేపటి ఆర్డర్ మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం, దాన్ని అందరికంటే ఎక్కువ నేనే తప్పుతాను.

ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలోంచి: యాప్ అవసరమా?)

ఇళ్ళు వందలోపు ఉన్నంతవరకు ఫోనూ, వాట్సాపూ, ఒక నోటుబుక్కూ చాలు. యాప్ ఆర్డర్ తీసుకుంటుంది. "మీ అబ్బాయి వచ్చాడా, పళ్ళు ఎక్కువ పంపనా?" అని అడగదు.

(సభలోంచి: అప్పు ఇస్తారా?)

నెల ఖాతా ఇస్తాం, ఉద్దెర ఇవ్వం. తేడా ఏమిటంటే, ఖాతాకి తారీఖుంటుంది. నెల దాటితే మరిది ఫోన్ చేయడు, నేను చేస్తాను. అతనికి మొహమాటం ఎక్కువ.

(సభలోంచి: మీ అత్తగారి తరవాత ఎవరు ఏరుతారు?)

ఇది మా ఇంట్లో కూడా అడిగారు. పోయినేడు ఆవిడ వారం రోజులు ఊరెళితే నేను ఏరాను. పదకొండు ఫోన్లొచ్చాయి. వచ్చాక ఆవిడ ఏమీ అనలేదు. అప్పటినుంచి సాయంత్రాలు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంటున్నారు. నిన్న నా ముందు మూడు వంకాయలు పెట్టి, "కొయ్యకుండా చెప్పు, ఏది లేత?" అన్నారు. ఒకటి చూపించాను. ఆవిడ కత్తి తీసుకుని మూడూ కోశారు. నేను చూపించినదాంట్లో గింజలు తెల్లగా ఉన్నాయి. పక్కదాంట్లోనూ తెల్లగానే ఉన్నాయి. "రెండు లేతవి, ఒకటే చెప్పావు" అన్నారు. ఇంకా ఎనిమిదింటికి ఆర్డర్లు మూయాలి, నేను బయలుదేరతాను.